మడత బల్లకు చోటు

చంకలో మడత బల్ల పెట్టుకుని ఆవిడ ఇల్లంతా తిరుగుతుంది. కూతురికి ఆయాసం ముదిరి, ఈ ఏడాదికి బడి మాన్పించమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ, ఇంట్లోనే పాఠాలు చెప్పడానికి చోటు వెతకడమే పని. హాల్లో వేస్తే మామగారి టీవీ. ఆయన సౌండు తీసేస్తారు గాని, పిల్ల తాత ముఖం చూసే ఆట స్కోరు చెప్పేస్తుంది. వంటింట్లో ఎక్కం సగంలో ఉండగా కుక్కర్ కూస్తుంది, పొయ్యి మీది ఘాటుకు పిల్ల దగ్గుతుంది. పడగ్గదిలో పుస్తకం తెరవగానే ఆవలింత ముందు ఆవిడకే వస్తుంది. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది, కానీ బడి వ్యాను ఆ వీధినే పోతుంది. "పిల్లి పిల్లల్ని తిప్పినట్టు దాన్నెన్ని గదులు తిప్పుతావమ్మా?" అంటారు మామగారు. ఆవిడ నవ్వేసి, మళ్లీ బల్ల కాళ్లు మడుస్తుంది.

నిన్న విసిగిపోయి, "పోనీ, ఎక్కడ బాగుంటుందో నువ్వే చెప్పు తల్లీ," అంది. పిల్ల బల్లను హాలు మధ్యకు లాగింది. తాతను బతిమాలి టీవీ కట్టేయించింది. తన కుర్చీకి ఆనించి ఇంకో కుర్చీ వేసింది. హమ్మయ్య, ఇన్నాళ్లకు చోటు కుదిరిందనుకుని ఆవిడ అందులో కూర్చుంది.

"అక్కడ కాదమ్మా. నువ్వు టీచరువి కదా, ఎదురుగా నిలబడాలి."

"మరి ఈ కుర్చీ ఎవరికే?"

"నా పక్కన కూర్చునే అమ్మాయికి."

ఆవిడ లేచి ఎదురుగా నిలబడింది. పాఠం ఎక్కడ ఆపిందో ఎంతకీ గుర్తు రాలేదు. పిల్ల మాత్రం పుస్తకాన్ని కాస్త పక్కకు జరిపింది, ఇద్దరికీ కనపడేలా.