మోటారు షెడ్డు దాకా

ఆ రోజు పోయినవి ముందు రాస్తాను. ఒక ప్రాణం. రెండు చెరువుల రొయ్యలు. చూసే దిక్కు లేక చచ్చి తేలాయి. ఒకామెకి భర్త, ఇద్దరు ఆడపిల్లలకి తండ్రి. మా బావకి ఏడేళ్లు. ఒకే మనిషిని మూడుసార్లు లెక్కేశానని తెలుసు. ఒకసారి వేస్తే సరిపోలేదు.

కోడూరు అవతల బావ చెరువూ, చనిపోయినతని చెరువూ పక్కపక్కనే. మధ్య గట్టు ఎవరిదన్నది తగాదా. నేను పెద్దగా చదువుకోలేదు; చెరువుల కొలతలు, మేత లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇద్దరికీ నమ్మకం కనుక నన్నే కొలవమన్నారు. సగంలో మాటామాటా పెరిగి అతను బావ చెంప మీద కొట్టాడు. బావ మోటారు షెడ్డు వైపు నడిచాడు. పోతున్నాడనుకున్నాను. కొలత ఆగకూడదని అతన్ని వంగి టేపు కొస పట్టుకోమన్నాను. ఎవరు నడిచినా అడుగులు లెక్కపెట్టడం నాకు అలవాటు. బావ పారతో తిరిగి వస్తున్నా లెక్కపెడుతూనే ఉన్నాను. ఒక్క దెబ్బ.

బందరు కోర్టులో కేసంతా ఆ షెడ్డు దగ్గరే ఆగింది. పార అప్పటికే చేతిలో ఉంటే ఆవేశంలో జరిగిన చావు, శిక్ష తక్కువ. వెళ్లి తెచ్చుకుంటే హత్య, యావజ్జీవం. కోపం చల్లారేంత సేపు ఉందా అని చట్టం అడుగుతుందట. తెల్లదొరల కాలం నుంచీ ఇదే పద్ధతని లాయరు గుమాస్తా చెప్పాడు. చూసింది నేనొక్కణ్ణే.

సాక్ష్యానికి ముందురోజు బావ తల్లి, మా అత్త, వచ్చి గంటసేపు కూర్చుంది. ఏమీ అడగలేదు.

బోనులో, పార ఎక్కడిదో గుర్తులేదన్నాను. పోలీసులకి వేరేగా చెప్పారు కదా అన్నాడు ప్రభుత్వ లాయరు. చెప్పలేదన్నాను.

"కిలోకి ఎన్ని రొయ్యలో దోసిట్లో చూసి చెప్పేస్తారట. ఎదురుగా నడిచిన మనిషి మాత్రం కనపళ్లేదాండీ?"

ఎవరో నవ్వారు.

తీర్పు రోజున చనిపోయినతని భార్య కోర్టు మెట్ల దగ్గర నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"అన్నయ్యా, మీ బావకి ఎన్నేళ్లు పడితే నాకేంటి. మా ఆయనకి పారిపోడానికి టైముందా? అదొక్కటి చెప్పండి."

బస్సు వచ్చేసిందన్నాను.

బావ శిక్ష పూర్తిచేసి వచ్చి మళ్లీ చెరువు వేశాడు. ఆమె గిలకలదిండిలో చేపలు అమ్ముతోంది. కనిపిస్తే పక్క సందులోకి తిరుగుతాను. ఆమెకి నేను చెప్పవలసింది ఇప్పటికీ అలాగే ఉంది. బావ షెడ్డుకి వెళ్లేటప్పుడు నలభై రెండు అడుగులు. వచ్చేటప్పుడు అంగలు పెద్దవి, ముప్పై ఒకటి. మొత్తం డెబ్బై మూడు.