అమ్మోరి గుర్రానికి పస్తు

పాలసముద్రాన్ని చిలికినప్పుడు అందులోంచి గుర్రం కూడా పుట్టిందని పురాణం. ఆ పుట్టిన గుర్రాన్ని దేవతలు పట్టుకుపోయారు. సముద్రం పక్కనే బతికే జాలర్లకు మట్టిగుర్రాలు మిగిలాయి. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకి కాస్త ఎడంగా ఉన్న ఆ పేటలో, గండం గడిచి పడవ తిరిగొస్తే రేవు అమ్మోరి గుడి ముందు ఒక మట్టిగుర్రాన్ని పెట్టడం ఆచారం. ఉప్పుగాలికి అది ఏడాది తిరక్కుండా పొరలు పొరలుగా రాలిపోతుంది. మొక్కు తీరుతుంది, మన్ను మన్నులో కలుస్తుంది, ఎవరికీ బాధ లేదు. బాధంతా అర్జునరావు తెచ్చిపెట్టాడు.

అర్జునరావు మరబోట్ల ఆసామి. ఎనభైల మొదట్లో, స్టీల్ ప్లాంటు పనులకి తిరిగే లారీల దుమ్ము ఊరంతా కమ్ముకుంటున్న రోజుల్లో, అతని బోటొకటి తుఫానులో చిక్కి బయటపడింది. అందరిలా మట్టిగుర్రం పెడితే తన గొప్పేముందనుకున్నాడో ఏమో, మూతపడుతున్న ఏదో సర్కస్ నుంచి బతికున్న గుర్రాన్నే కొనుక్కొచ్చాడు. మనిషి నడుమంత ఎత్తు కూడా లేదు. మేకలా చూస్తే పెద్దది, గుర్రంలా చూస్తే నవ్వొచ్చేది. నుదుట పసుపు రాసి, అమ్మోరికి ఒప్పజెప్పి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

అమ్మోరి సొత్తు కనక దాన్ని కట్టకూడదు, కొట్టకూడదు, ఎక్కకూడదు. ఎవరిదీ కాదు కనక ఎవరూ దాని ఒళ్లు కడగలేదు, గిట్టలు చెక్కించలేదు. పెట్టడం మాత్రం అందరూ పెట్టారు. మంగళవారం వచ్చిందంటే పళ్లేల మీద పళ్లేలు. బెల్లం పరమాన్నం, చలిమిడి, నానిన సెనగలు. గుర్రం తింటే అమ్మోరు తిన్నట్టే.

పోతమ్మ ఇల్లు ఆ గుడి వెనకే. చిన్నప్పుడే తల్లి వెంట చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మద్దిలపాలెం దాకా నడిచి అమ్మిన మనిషి. మోకాళ్లు పట్టేశాక తట్ట దించేసి, ఇసకలో చేపలు ఎండబెట్టి అమ్ముకుంటోంది. భయం ఆమెకు మానలేని అలవాటు. గాలి దిక్కు మారితే భయం, కాకులు మూగితే భయం, మూగకపోతే మరీ భయం. మొగుడు పైడయ్య వలలు బాగుచేస్తూ పదిమందిలో అనేవాడు: "సముద్రంలోకి ఎల్లీది నాను. గట్టు మీద మునిగిపోయీది ఇది."

అంచేత గుర్రం తేడాగా నిలబడడం ముందుగా కనిపెట్టింది ఆమే. ముందుకాళ్లు చాచి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోంది. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా ఇసకలో చిక్కుకున్న మనిషి ఎలా నిలబడతాడో అలా. ఆ మంట పోతమ్మ పాదాలకి తెలుసు. దగ్గరికెళ్లి చూస్తే గిట్టలు పెరిగి, పాతకాలపు జోళ్ల మొనల్లా పైకి వంకర తిరిగి ఉన్నాయి. చెయ్యి పెడితే సలసల కాలుతున్నాయి. పొట్ట కుండలా ఉబ్బింది, వెన్నుపూస కత్తిలా తేలింది. తిండి చాలక బక్కచిక్కిందనుకుని ఆ పూట ఇంత గంజన్నం బెల్లమేసి పెట్టింది. మర్నాటికి గుర్రం లేవలేదు.

పోతమ్మ దగ్గర ఎండురొయ్యలు కొనే ఇళ్లలో ఒక పశువుల డాక్టరు ఇల్లుంది. ఆయన్ని బతిమాలి స్కూటరు మీద రప్పించుకుంది. ఆయన గుర్రం గిట్టని వేలితో తట్టి చూసి, చుట్టూ పడున్న విస్తరాకుల కేసి చూశాడు.

"దీన్ని చంపుతున్నది తిండి, పోతమ్మా."

"ఏటి బాబూ? తిండి నేక కదా ఇలాగయిపోనాది!"

"గడ్డి తినే జంతువుకి బెల్లం, అన్నం పోస్తే ఆ వేడంతా గిట్టల్లోకి దిగుతుంది. ఇంకొక్కసారి బెల్లం కడుపులో పడిందా, గిట్టలోపల ఎముక జారిపోతుంది. అప్పుడు నేనొచ్చి చేసేదేమీ ఉండదు. ఎండుగడ్డి నీళ్లలో కడిగి పెట్టు. తడి ఇసకలో నిలబెట్టు. గిట్టలు మాత్రం ఒకేసారి నరికించకు, కొంచెం కొంచెంగా అరగదీయించు."

ఒళ్లు బాగులేదంటే ఏదో ఒకటి వండిపెట్టడం తెలిసిన మనిషికి, పెట్టకపోవడమే వైద్యమని చెప్పి వెళ్లిపోయాడాయన.

పైడయ్య గొణుక్కుంటూనే అలల అంచున గుంజలు పాతి పాత వలలు చుట్టాడు. "కట్టకూడదన్నారు గానీ వల కట్టకూడదన్నారేటి?" అన్నాడు. పడవలు చేసే వడ్రంగి తవిటయ్య ఆకురాయి పట్టుకుని వచ్చి, గిట్టని వేలిగోరంత అరగదీసి ఆగేవాడు. మళ్లీ కొన్నాళ్లకి ఇంకాస్త. పోతమ్మ తల పట్టుకునేది. గుర్రం చెవులు వెనక్కి అంటించి ఆమె మోచెయ్యి కరిచేది.

గుర్రానికి ఆమె మీద కోపం రాదూ మరి? వల దగ్గరికి వచ్చిన ప్రతి పళ్లేన్నీ వెనక్కి పంపేది ఆమే. బెల్లం వాసన తగలగానే తోసేసేది ఆమే. మిగతా ఊరంతా దానికి చుట్టాలు, పోతమ్మ ఒక్కతే శత్రువు. గడ్డి పెట్టబోతే వెనక్కి తిరిగి నిలబడేది, ఆమె వెళ్లాక గాని ముట్టేది కాదు. రాత్రి గుర్రం చచ్చిపోయుంటుందనుకుంటూ పోతమ్మ రోజూ తెల్లారకుండా వచ్చి చూసేది. బతికి ఉంటే, ఇవాళ చచ్చిపోతుందేమోనని మొదలు.

పేటలో మాటలు లేచాయి. "అమ్మోరికే పస్తులెట్టింది సూడండర్రా" అన్నారు కుళాయి దగ్గర. పైడయ్య నవ్వుతాలుకి తిప్పేవాడు: "నా కూడు తగ్గించినప్పుడు ఒక్కరూ అడగనేదు. గుర్రం కూడు తగ్గిత్తే ఊరంతా నా గుమ్మంలోనే ఉంది." నవ్వాక, పోతమ్మ ఒక్కతే ఉన్నప్పుడు అనేవాడు, "బేగి తేల్చీయే దీని సంగతి. నాకూ బయంగానే ఉంది."

గుర్రం లేచి నిలబడింది. గిట్టల వేడి తగ్గింది. నాలుగడుగులు వేసే దశకి వచ్చింది. సరిగ్గా అప్పుడు వాయుగుండం పట్టింది.

పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. బోట్లన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి, ఒక్కటి తప్ప. అందులో ఉన్నవాడు ఎల్లాజీ, పైడయ్యకి సొంత తమ్ముడు. ఎల్లాజీ పెళ్లాం సీతాలు పోతమ్మకి తోటికోడలు, తోడబుట్టకపోయినా చెల్లెలే. రెండు రోజులు హార్బరులోనే కూచుంది. మూడోనాడు ఇంటికొచ్చి స్నానం చేసి, తడిబట్టతో వండి, ఇత్తడి పళ్లెంలో పరమాన్నం పట్టుకుని వల దగ్గరికి వచ్చింది. వెనక పైడయ్య, ఆ వెనక పేటలో ఆడవాళ్లు.

"అప్పా, తప్పుకో. నా సేత్తో గుర్రం నోటికి అందిత్తానని మొక్కుకున్నాను. నీ మరిది సముద్రంలో ఉన్నాడు."

"నానెరగనేటే! గడ్డెట్టు, సీతాలూ. ఇదిగో, నీ సేత్తోనే ఎట్టు."

"గడ్డికి మొక్కుకోనేదు అప్పా!"

పైడయ్య ముందుకొచ్చాడు. అతని ముఖంలో నవ్వు అన్నది ఎన్నడూ లేనట్టుంది. "తప్పుకోయే. ఒక్క ముద్ద."

"సచ్చిపోద్ది. డాక్టరు బాబు సెప్పినాడు కదా, ఇంకొక్కసారి పడితే..."

"ఆడు సచ్చిపోతేనో?"

అమ్మోరంటే పోతమ్మకి అందరికన్నా ఒకింత ఎక్కువే భయం. మొక్కు ఆపిన మనిషి తనే అయి, బోటు రాకపోతే, ఊరు అనేది అటుంచి, తన మనసే తనని బతకనివ్వదు. వెనకనుంచి సన్నగా సకిలింపు వినిపించింది. బెల్లం వాసనకి గుర్రం నెప్పి మరిచి, కుంటుకుంటూ వల దాకా వచ్చి మెడ చాపింది. దాని ముక్కు పళ్లేనికి జానెడు దూరంలో ఉంది.

పోతమ్మ వలకి వీపు ఆనించి చతికిలబడింది. తల మీదుగా వస్తున్న గుర్రం మూతిని ఒక చేత్తో నెట్టిపట్టుకుని నోరు తెరిచింది.

"నాకెట్టు."

"అప్పా?"

"దాని కూడు నాను తింటన్నాను. అమ్మోరికి కోపమొత్తే నన్నట్టుకుంటాది. ఎల్లాజీ జోలికి ఎల్లదు. తప్పు నాది, నీ మొక్కు కాదు. ఎట్టవే!"

సీతాలు ఒక ముద్ద పెట్టింది. రెండో ముద్ద పెట్టలేక ఏడుస్తూ పళ్లెం కింద పడేసినంత పని చేసింది. పోతమ్మే అందుకుని, వేళ్లతో ఎత్తి ఎత్తి, ఒక్క మెతుకు మిగలకుండా తినేసింది. యాలక్కాయ కూడా వేసి కమ్మగా వండింది పాపం. చూస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే హార్బరు కేసి మళ్లారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

తర్వాత అందరితో పాటు హార్బరు గట్టు మీద కూచుంది. ఆమె పక్కన ఎవరూ కూచోలేదు. చెయ్యి కడుక్కోవాలన్న ఊహ కూడా రాలేదు. ఐసు ఫ్యాక్టరీ మోత, కెరటాల మోత. 'అమ్మా, తిన్నది నాను. లెక్క నాతో సూసుకో' అని, అదే మాట మళ్లీ మళ్లీ. ఎండ పడమటికి వాలుతుండగా హార్బరులోకి దారితీసే పాయ మొగలో ఒక బోటు కనిపించింది. దాని వెనక తాడు. తాడు చివర ఇంకో బోటు, ఇంజను చచ్చి, ఒక పక్కకి ఒరిగి.

సీతాలు పోతమ్మని దాటుకుని పరిగెత్తింది. ఎల్లాజీ ఎండిపోయిన ముఖంతో గట్టెక్కి, పెళ్లాం ఏడుపు ఆగేదాకా నిలబడి, "తిండానికేటైనా ఉందేటే?" అన్నాడు.

పైడయ్యకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "పరమాన్నం వొండింది రా. మీ వొదిన మొత్తం తినీసింది."

జనం గొల్లున నవ్వారు. పోతమ్మ నవ్వలేదు. లేచి, ఎవరికీ చెప్పకుండా వల దగ్గరికి వచ్చేసింది.

గుర్రం ఆమెని చూసి వెనక్కి తిరగలేదు. దగ్గరికి వచ్చి వేళ్లు నాకింది. పోతమ్మ గుండె ఒక్క క్షణం పొంగి, వెంటనే చల్లబడింది. బెల్లం! వేళ్లకి ఎండిపోయిన బెల్లం పాకం. చెయ్యి వెనక్కి లాక్కుని కెరటంలోకి దిగి, ఇసక పెట్టి అరచేతులు ఎర్రబడేలా తోముకుంది. వాసన చూసుకుంది. ఇంకోసారి తోముకుంది.

గుర్రం చూస్తూ నిలబడింది.

ఆమె వచ్చి, ఉప్పునీళ్లు కారుతున్న ఖాళీ చెయ్యి చాపింది. గుర్రం ముక్కు చాచి వాసన చూసింది. ఏమీ లేదని తెలిసింది దానికి. వెనక్కి వాలి ఉన్న చెవులు ఒకటి తర్వాత ఒకటి ముందుకి తిరిగాయి. నెప్పి కాలు ఒకటి తెచ్చి ముందు పెట్టింది, ఆగింది, రెండోది తెచ్చింది. మూతి మొత్తం ఆ అరచేతిలో పెట్టి, అలాగే ఉంచింది.

కదిలితే పోతుందేమోనని పోతమ్మ ఊపిరి బిగబట్టింది.