బాబాయి భుజం, నానమ్మ సున్నుండలు

మొన్న మా పాపకు టీకా వేయించడానికి వెళ్తే, నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచగానే నాకు వేయించిన మినపపప్పు, కాగుతున్న నెయ్యి గుర్తొచ్చాయి. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మూడు వాసనలూ కలిసే ఉండేవి మరి; అందుకు కారణం మా సూరిబాబాయి.

మాది రావులపాలెం పక్కన అరటితోటల ఊరు. వైశాఖంలో కళ్యాణమైన మర్నాడు స్వామి పల్లకీ ఊరేగేది. తువ్వాలు మడిచి భుజమ్మీద వేసుకుని, ముందు కుడివైపు బొంగు మా తాతయ్యే పట్టేవాడు. ఆయన పోయాక ఆ చోటు బాబాయికి రావాలి గానీ, గాలికి అరటాకులా ఊగే ఆ మనిషిని చూసి పెద్దలు "ముందు కాస్త ఒళ్ళు చెయ్యవయ్యా, తర్వాత చూద్దాం" అనేశారు. ఆ మాటకు అన్నం ముందునుంచి లేచిపోయి, మర్నాడే వెళ్ళి జిమ్ములో చేరాడు.

అక్కడెవరో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల సంగతి చెవిన వేశారట. ఒకటి చాలన్నచోట నాలుగు పొడిపించుకునే రకం మా బాబాయి. ఏడాది తిరక్కుండా చొక్కా చేతులు పిగిలాయి, మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది, ఇద్దరు పట్టే అరటిగెలల మోపును ఒక్కడే లేపి లారీలో పెట్టేవాడు. బలం నిజమే, కాదనకూడదు. వీపు నిండా మొటిమలు, దువ్వెన నిండా జుట్టు, పప్పులో ఉప్పు తగ్గితే కంచం గోడకేసి కొట్టేంత కోపం, అవీ నిజమే. నానమ్మ మాత్రం ఇదంతా తన సున్నుండల మహిమేనని ఊరంతా చాటింది. మొటిమలు నేతి వేడట. దాంతో ఇంటింటా మినుములు తిరగట్లో విసిరి పిల్లల నోళ్ళలో కుక్కారు. మేం లావయ్యాం గానీ ఒక్కరికీ కండ రాలేదు.

పల్లకీకి ఎప్పుడూ భుజాల ఎత్తు కలిసేలా చూసి నలుగురిని ఏరేవారు. ఆ ఏడు బాబాయి కండలు చూసి మురిసి పెద్దలు ఆ సంగతే మరిచారు. బొంగు ఎత్తుకోగానే, మెడ పక్కన లేచిన కండ మీద అది ఎత్తుగా నిలిచి, పల్లకీ వెనక్కి ఒరిగిపోయింది. దండలతో సహా జారుతున్న స్వామిని అర్చకులుగారు రెండు చేతులా పట్టుకున్నారు.

"సూరిబాబూ, దించవయ్యా! స్వామి పడిపోతున్నారు!"

"కాస్త వంగి నడుస్తానండీ, సరిపోద్దండీ!"

వంగాడు కూడా, పాపం. అప్పుడు పల్లకీ ముందుకు ఒరిగింది. పెద్దలు ఆయన్ని తప్పించి ఇంకొకరిని పెట్టారు. అంత మనిషీ మా అరుగు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత నాకూ ఏడుపొచ్చింది. నానమ్మ ఆయన బట్టతల నిమురుతూ, "రెండుండలు ఎక్కువ పెట్టేశానేమోరా నాయనా" అంది.

డాక్టరు కేకలేశాక బాబాయి ఇంజెక్షన్లు మానేశాడు. కండలు వచ్చినంత తొందరగానే దిగిపోయాయి, భుజం పాత ఎత్తుకొచ్చింది, జుట్టు మాత్రం రాలేదు. పెద్దలు సరేనని ఆ చోటు ఇవ్వబోయే ఏటికే, మోసేవాళ్ళు చాలక ఊరేగింపు ట్రాక్టరెక్కింది.

ఇప్పుడు నానమ్మ లేదు, భుజాల మీద పల్లకీ లేదు. ఈ ఏడు కూడా బాబాయి ట్రాక్టరు పక్కనే, ముందు కుడివైపు, మడిచిన తువ్వాలు భుజమ్మీద వేసుకుని ఊరంతా నడిచాడు.