కాలర్‌కు పోయిన టైం టేబుల్

ఆ రోజుల్లో చదవడం కంటే చదవడానికి సిద్ధపడటమే నాకు ఎక్కువ ఇష్టం. డిప్లొమా చివరి ఏడాది. థర్మోడైనమిక్స్ రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే కృష్ణపట్నం పవర్ ప్లాంటులో నాకు ఖాయమైన అప్రెంటిస్ సీటు పోతుంది. ఈసారి ఎలాగైనా పాసవ్వాలని గట్టిగా తీర్మానించుకుని, వెంటనే వెళ్లి పెద్ద చార్టు కొన్నాను.

కోవూరులో మా ఇంటి ముందు గదిలో టైలర్ మామ కొట్టు (మామ అంటే చుట్టం కాదు, నా మొదటి నిక్కరు కుట్టిన చనువు). ఆయన బల్ల మీద, ఆయన స్కేలుతోనే, అయిదు రంగుల్లో టైం టేబుల్ గీశాను. అది నాలుగో సవరణ. విరామాలకు ఆకుపచ్చ. వారానికోసారి 'టైం టేబుల్ సవరణ: అరగంట' అని కూడా ఒక గడి పెట్టాను. పరీక్ష తొమ్మిది రోజులుందనగా దాన్ని బల్ల మీద ఆరబెట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా టైం టేబుల్ చొక్కా కాలర్ ఆకారంలో ఉంది.

"మామా! ఏం చేసినావు?"

"అట్ట గట్టిగా ఉండాదని కాలర్‌కి అచ్చు కత్తిరించినా అబ్బయ్యా. ఏం, పనికొచ్చేదా?"

"నా చదువంతా దాంట్లోనే ఉండాది!"

"అంతా దాంట్లోనే ఉంటే నీ తలకాయలో ఏముండాది?" అంటూ కత్తెర పక్కన పెట్టాడు. "కూర్చో. పుస్తకం మూసి, చదివింది నాకు చెప్పు."

చెప్పాను. బాయిలర్‌లో నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, తర్వాత దాన్ని చల్లార్చి మళ్లీ నీళ్లు చేస్తారు.

"మళ్లీ నీళ్లెందుకు? ఆ ఆవిరినే బాయిలర్‌లోకి తోస్తే పోలా?"

పుస్తకం తెరవబోయాను, మామ దాని మీద కత్తెర పెట్టాడు. (పుస్తకంలో ఆ జవాబు కింద మూడు రంగుల గీతలున్నాయి, అవి నేను గీసినవే.) మామ బల్ల మీద సుద్దతో ఒక గీత పెట్టాడు. "జవాబు తెచ్చిందాకా ఇది చెరపను."

మర్నాడు పొద్దున్నే తెచ్చాను. "ఆవిరి బోలెడు చోటు తీసుకుంటుంది, దాన్ని అణిచి తొయ్యాలంటే టర్బైన్ ఇచ్చిన బలంలో చాలా భాగం దానికే పోతుంది మామా. నీళ్లకైతే చిన్న పంపు చాలు."

"అంటే, విడి దూదిని సంచిలో కుక్కినట్టన్న మాట," అని గీత చెరిపాడు.

అప్పటి నుంచి రోజూ అంతే. ఒక పాఠం చదవడం, పుస్తకం మూయడం, ఆయన కాజాలు కుడుతుంటే చెప్పడం. ఆగిన చోట గీత. మర్నాడు ముందు పాత గీతల లెక్క తేలాలి, తర్వాతే కొత్త పాఠం. ప్యాంటు కోసం వచ్చినాయన థర్మోడైనమిక్స్ రెండో నియమం రెండుసార్లు విని, "నా ప్యాంటు ఎప్పుడిస్తావో అది చెప్పన్నా ముందు," అన్నాడు. పరీక్షకు వెళ్లేనాటికి బల్ల మీద రెండు గీతలే మిగిలాయి. పాసయ్యాను.

ఇప్పుడు ఆ ప్లాంటులోనే ఉద్యోగం. మొన్న ఆదివారం చొక్కా కొలతలకు వెళితే ఆ కాలర్ అచ్చు ఇంకా మేకుకు వేలాడుతోంది. రంగులన్నీ వెలిసిపోయి, ఆకుపచ్చ గడి ఒక్కటే కనిపించింది: '6.10 – 6.15 విరామం'.

నాలుగు సవరణల్లోనూ నేను ఒక్క రోజూ తప్పకుండా పాటించింది అదే.