దించు అన్నవాణ్ణి అడగకూడదు

డెబ్బయ్యో ఏట నేను లారీ టైరును ఒంటిచేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లించాను. చూడటానికి మార్కాపురంలో సగం బజారు కదిలి వచ్చింది. ఈ ముక్క ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఎదుటివాడి ముఖంలో నమ్మకం కనబడేదాకా చెప్పి, కనబడగానే వాడి మీద జాలేసి నిజం ఒప్పుకుంటుంటాను. అది ట్రాక్టరు ముందు టైరు. దొర్లించింది నాతో కలిపి ముగ్గురం. చూసినవాడు మా బావమరిది ఒక్కడే, వాడూ నవ్వడానికే చూశాడు.

ఆ నవ్వు గురించే రాయాలి. టైరుది పెద్ద విషయమేమీ కాదు.

బావమరిది అంటే మా ఆవిడకు తమ్ముడు. బజారులో బట్టల దుకాణం. భార్య పోయాక వ్యాపారం కొడుకుకు అప్పజెప్పి, దుకాణం గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు చీర కొనడానికి వచ్చినామెతో వాళ్ల మేనత్త ఊరిదాకా చుట్టరికం కలిపిన మనిషి, ఎవరైనా పలకరిస్తే తల ఊపి ఊరుకునేవాడు. వాడికి షుగర్, నాకు మోకాళ్లు. డాక్టరు ఇద్దరినీ నడవమన్నాడు. తెల్లారి కాలేజీ గ్రౌండులో పక్కపక్కన నడిచేవాళ్లం. నేను వాగేవాణ్ణి, వాడు నడిచేవాడు. నా జోకులకు నేనే నవ్వుకోవడం చేతకాక ఒక్కోరోజు నేనూ మౌనంగా నడిచేవాణ్ణి. అవి మరీ అన్యాయమైన రోజులు.

ఆ దారిలో మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి ఉంది. ఒక ఉదయం అందులోంచి చెవులు పగిలే పాట, మధ్యమధ్య ఈలలు, చప్పట్లు. తొంగి చూస్తే మగా ఆడా కలిసి ఒకేసారి నేల మీద పడి, లేచి, ఎగురుతున్నారు. ఎదురుగా గోడ మీద ఎర్ర అంకెల గడియారం వెనక్కి నడుస్తోంది. ఈ వ్యాయామం క్లాసు నడిపించేది గిద్దలూరు పిల్ల, కాలేజీలో కబడ్డీ ఆడి, మా ఊరికి కోడలుగా వచ్చింది.

"లోపలికి రా తాతా, ఆడ్నే నిలబడినావేంది?" అంది.

"ఈ షెడ్డులో పనిచేసినోణ్ణమ్మా నేను. పలకల పెట్టెలు ఒక్కణ్ణే లారీకెత్తినా," అన్నాను.

ఇది కూడా సరిదిద్దాలి. నేను పనిచేసిన ఫ్యాక్టరీ పక్క వీధిలోది. పెట్టెలు ఎత్తింది హమాలీలు. నలుగురిలో ఒకడు రాని రోజు నేను ఓ మూల పట్టుకున్న మాట మాత్రం నిజం.

అట్లా చేరాం. మొదటి వారం నేను మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ పిల్ల మమ్మల్ని ఎగరనివ్వలేదు. అందరూ ఎగిరేచోట మేం అడుగు పక్కకు వేయాలి, అందరూ నేల మీద పడేచోట మేం బల్లకు చేతులు ఆనించి వంగాలి. ఆమె దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. పని ముగించినవాళ్లు నీళ్లు తాగడానికి పోరు, చివరన మిగిలిన మనిషి చుట్టూ చేరి చప్పట్లు కొడతారు. "ఇంకొక్కటి! ఇంకొక్కటి!" అంటారు. రోజూ చివరన మిగిలేది మా బావమరిదే. బ్యాంకులో పనిచేసే ఆడపిల్లలు, టీచర్లు, ఎరువుల దుకాణం కుర్రవాళ్లు, ఇంతమంది తన కోసం చప్పట్లు కొడుతుంటే వాడి ముఖం మొదట ఎర్రబడింది, తరువాత విప్పారింది. నెల తిరిగేసరికి ఒకరోజు ఇంటికి వస్తూ, నేను అడగకుండానే, "బావా, నువ్వు వంగితే గోడలు ఇంటున్నాయి, అంత సప్పుడు నీ మోకాళ్లల్ల," అన్నాడు. భార్య పోయాక వాడు నన్ను ఎగతాళి చేయడం అదే మొదలు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెమట అన్నాను.

మంచి జరిగింది, ఎందుకు కాదనాలి? నేను మళ్లీ నేల మీద పీట వేసుకుని భోంచేసి, చెయ్యి ఆనించకుండా లేవగలిగాను. నిద్ర పట్టింది. షెడ్డు వెనక ఆ ట్రాక్టరు టైరు దొర్లించిందీ ఆ రోజుల్లోనే. వాడి షుగరు దిగిందని డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. వాడు దుకాణంలో నిచ్చెన ఎక్కి పై అరలోంచి పంచెల మూట దించాడట. కొడుకు వచ్చి మాకు గొప్పగా చెప్పాడు. ఒంటరిగా నడిచినా ఇందులో కొంత జరిగేదేమో. నలుగురిలో చేస్తే ఒంటికి మించినదేదో జరుగుతుంది. నిన్న రాలేదేం అని అడిగేవాళ్లు ఉండటం డెబ్బయ్యేళ్లవాడికి చిన్న మాట కాదు.

చెడు కూడా అదే తలుపులోంచి వచ్చింది.

ఎండాకాలం. బావమరిది కురిచేడులో చుట్టాల పెళ్లికి పోయి చాలా రోజులు ఉండిపోయాడు. బూందీ లడ్లు, మంచం, కబుర్లు. తిరిగొచ్చిన మర్నాడు శనివారం. శనివారాలు వాడు ఒక్కపొద్దు ఉంటాడు. ఆ ఒక్క పూట భోజనం సాయంత్రం దీపం పెట్టాకే. అందాకా మంచినీళ్లు కూడా ముట్టకపోవడం వాడి భార్య నేర్పిన పద్ధతి, ఆమె పోయాక మరీ గట్టిగా పట్టుకున్నాడు. ఆ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

రేకుల కప్పు పొద్దున్నే కాగుతోంది. ఆ రోజు జట్లుగా పోటీ. చేతుల్లో బరువు పట్టుకుని గొంతుక్కూర్చుని లేవాలి. ఆ పిల్ల వాడితో, "చానా రోజులకొచ్చినావు పెద్దాయనా, సగమే సెయ్," అంది కూడా. చెప్పి అటు తిరిగింది. వాడు సగం దాటాడు. జట్టు వాడి చుట్టూ చేరింది. చప్పట్లు. వాడి కాళ్లు వణకడం చూశాను. పెదాలు తెల్లగా ఎండిపోవడం చూశాను. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఎందుకంటే వాడు నవ్వుతున్నాడు.

మర్నాడు వాడి తొడలు రాయిలా బిగుసుకున్నాయి. మామూలు నొప్పే అనుకున్నాం. ఆ పై రోజు వాడు నన్ను ఇంటికి పిలిపించి, తలుపు మూసి, గొంతు తగ్గించి చెప్పాడు:

"బావా, ఒంటేలు నల్ల టీ మాదిరి పడతాంది. అక్కకు చెప్పొద్దు."

అక్కకు చెప్పాను. ఆటోలో ఆస్పత్రికి పోయాం. డాక్టరు రక్తం పరీక్ష చేసి సెలైన్ ఎక్కించాడు. అలవాటు తప్పిన కండలను ఒక్కసారిగా అంత నలిపితే అవి చితికి, ఆ సరుకంతా రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుందట. ఒంట్లో నీళ్లు లేకపోతే మరీ ప్రమాదం. ఇంకో రోజు ఆలస్యమైతే ఒంగోలుకో గుంటూరుకో పంపాల్సి వచ్చేదన్నాడు. వ్యాయామం తప్పు కాదు, అన్నాళ్లు ఆగి అన్నీ ఒకే పొద్దున రాబట్టాలనుకోవడం తప్పు అని మాత్రం గట్టిగా అన్నాడు.

వాడు బాగై ఇంటికొచ్చాడు. వెంటనే ప్లాస్టిక్ కుర్చీకి తిరిగిపోయాడు. మా ఆవిడ షెడ్డు మాట ఎత్తనివ్వలేదు. "నా తమ్ముణ్ణి తిరిగి తెచ్చుకున్నా. సాలు," అంది. కానీ ఆమె తెచ్చుకున్నది ఏమిటో నేను రోజూ దుకాణం ముందు చూస్తున్నాను. పలకరిస్తే తల ఊపుతున్నాడు. మోకాళ్ల మీద ఎగతాళి లేదు. మనిషి బతికాడు, మాట పోయింది. మళ్లీ ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు.

ఒక సాయంత్రం ఆ గిద్దలూరు పిల్ల దానిమ్మ కాయలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. బావమరిది కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు.

"నేనే సరిగ్గా సూసుకోలేదు అవ్వా. సగం సెయ్‌మని సెప్పి అటు పోయినా. ఆయన ఆపుతాడులే అనుకున్నా," అంది.

"అంతమంది సుట్టూ నిలబడి సప్పట్లు కొడతా ఉంటే ఎవుడాపుతాడే? నా తమ్ముడు సిగ్గు మనిషి," అంది మా ఆవిడ.

ఆ మాట దగ్గర నాకు పలకల పెట్టెలు గుర్తొచ్చాయి. పలకలు కొయ్యపెట్టెల్లో సర్ది మేకులు కొడితే పెట్టె రాతిబండంత బరువు. నాలుగు మూలలా నలుగురు పట్టాలి. మధ్యలో ఒకడి పట్టు జారితే పలకలు పగులుతాయి, ఎవడో ఒకడి పాదం కూడా పగులుతుంది. అందుకని హమాలీల్లో ఒక కట్టుబాటు ఉండేది. నలుగురిలో ఎవడైనా "దించు" అంటే నలుగురూ అక్కడికక్కడే దించాలి. ఎందుకని అడగకూడదు. అప్పుడే కాదు, తరువాత టీ దగ్గర కూడా అడగకూడదు. అందరూ దించుతారు, తన కోసమన్నాడో పక్కవాడి కోసమన్నాడో ఎవరూ అడగరు గనక ఓడినవాడెవడో తెలియదు. నేను మూల పట్టుకున్న రోజుల్లో ఆ మాట అన్నిసార్లూ నేనే అనేవాణ్ణి. ఒక్కడూ నన్ను ఏమీ అనలేదు.

ఇది విని ఆ పిల్ల చేతిలో దానిమ్మ కాయలు కింద పెట్టింది. "షెడ్డులోనూ అదే పెడదాం. ఎవురు దించు అన్నా పాట కూడా ఆపేస్తా తాతా. అందరూ నీళ్లు తాగాల. మళ్లీ మొదలు పెడదాం," అంది.

"బాగుంది," అంది మా ఆవిడ. "అనేదెవురు? నా తమ్ముడు సచ్చినా అనడు. ఈయన గొప్పలు ఎక్కడమే తప్ప దిగింది లేదు."

"నేనంటా," అన్నాను.

"నువ్వా? లారీ టైరు దొర్లించినోడివి!"

బావమరిది ముఖంలో ఏదో కదిలింది. "ట్రాక్టరుది అక్కా. అదీ ముందుది," అన్నాడు.

ఆమె వాడి వైపు చాలాసేపు చూసింది. తరువాత షరతులు పెట్టింది. పరీక్షలన్నీ చేసి డాక్టరు సరే అనాలి, ఒక్కపొద్దు రోజు షెడ్డుకు పోకూడదు, మొదటి రోజు నుంచి కొత్తవాడిలా మొదలుపెట్టాలి. నన్ను చూసి, "నీకూ ఇదే," అంది.

చాలా వారాలకు డాక్టరు ఒప్పుకున్నాడు. తిరిగి వెళ్లిన తొలి ఉదయం అందరికీ కొత్త కట్టుబాటు చెప్పారు. పాట మొదలైంది. కొన్ని నిమిషాలకు వాడి నుదుటి మీద చెమట, ఆయాసం. వాడు ఆపే మనిషి కాదు. నేను గట్టిగా, "దించు!" అన్నాను.

పాట ఆగింది. అందరూ బరువులు కింద పెట్టారు. సీసాల మూతలు తిప్పుకున్నారు. వాడు నన్ను చూసి వెలిగిపోయాడు.

"ఏంది బావా, అప్పుడే అయిపోయినావా?"

"అడగకూడదు," అన్నాను.

ఆ రోజంతా దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ తన బావ ఎట్లా చేతులెత్తేశాడో వాడు చేతులు తిప్పుతూ చెప్పాడట. ఆ అవమానం నేను మింగేశాను. ఇంట్లో మా ఆవిడకు మాత్రం, నీ తమ్ముడి కోసం నా పరువు వదులుకున్నానని చెప్పాను. ఆమె నా మోకాళ్లకు నూనె తెచ్చి పక్కన పెట్టి పోయింది. ఆ నూనె ముందు అబద్ధం నిలవలేదు. అసలు సంగతి, ఆ 'దించు' నా కోసమే అన్నాను. నా తొడలు వణికాయి, కళ్లు బైర్లు కమ్మాయి. వాడి నుదుటి చెమట చూసింది అన్న తరువాతే.

మర్నాడు షెడ్డులో సగం పని కాకముందే "దించు" అని వినబడింది. అన్నది బావమరిది. అంటూ నా వైపు చూస్తున్నాడు. తన కోసం అన్నాడో, నా ముఖం చూసి అన్నాడో తెలియలేదు. నీళ్లు తాగి వాడికి సీసా అందించాను. ఎవరి కోసమన్నావని ఇంటికి వస్తూ ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు.