ఎదురు తలుపు

మా గదుల వరసలోని వదినె పోయిన వార్త నాకు ముంబై గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో తెలిసింది. వేసవి మధ్యాహ్నాలు నేను అక్కడే గడుపుతాను. ప్లాట్‌ఫారం టికెట్టు కొని, పంఖా కింద బెంచీ చూసుకుని చదువుకుంటాను. ఫోను తీస్తే మా చాల్ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో, చుట్టూ పూలు, కింద ‘మా పెద్దమ్మ ఇక లేరు, ఓం శాంతి’ అని రాత. పంపినవాడు ఆమె ఎదురు గదివాడు. తలుపు మూసినవాడే అందరికంటే ముందు పూలు పంపాడు. ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది ఆ కోపమే. దుఃఖం ఒక్కటే అయితే నోరు మూసుకుని ఉండేవాణ్ణి.

చాల్ చూడని పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఒక్కో గదిలో ఒక్కో కాపురం ఉండే పాత మేడ అది. కామాటిపురాలో మా అంతస్తు మధ్య పొడుగాటి నడవ ఉంటుంది. అటు పడమటి వరస గదులు, ఇటు మా వరస. పడమటివాళ్ల కిటికీలు సముద్రపు గాలికి తెరుచుకుంటాయి. మా కిటికీలకు చేయి చాపితే అందే దూరంలో పక్క చాల్ గోడ. మాకు గాలి రావాలంటే ఎదుటివాళ్ల కిటికీలో దూరి, వాళ్ల తలుపు దాటి, నడవ దాటి రావాలి. అందుకే హోలీ వెళ్లాక తొలి వాన పడేదాకా పడమటివాళ్లు పగలు తలుపు వేసేవాళ్లు కాదు. పరదా ఒక్కటే. ఎవరో పెట్టిన నియమం కాదది. కొత్తగా పెళ్లయిన జంట ఎప్పుడైనా గడియ పెట్టుకుంటే వదినె నడవలో నిలబడి వరసంతా వినేలా అనేది: “జర ఓర్సుకోన్రి, కొత్త మొగుడు పెండ్లాలు! మనకు చెమటలు పడితె పాయె!” లోపలినుంచి నవ్వు వినిపించేది. కాసేపటికి తలుపు తెరుచుకునేది.

ఆమె నాకు చుట్టం కాదు. ఆమె భర్త, మా అన్న కలిసి సెంట్రింగ్ పని చేశారు గనుక వదినె అయింది. పాలమూరు పల్లె నుంచి నడివేసవిలో కాపురానికి వచ్చింది. వచ్చిన మర్నాడే గోనెసంచి తడిపి గుమ్మానికి కట్టింది. వాళ్ల ఊళ్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి సంచి ఇంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ గాలే తడి. సాయంత్రానికి గది ఇడ్లీ పాత్రలా అయింది. వారం తిరక్కుండా సంచికి బూజు పట్టింది. అత్తగారు దాన్ని పీకి నడవలో పారేసి, “ఏందే కోడలా, మమ్మల్ని ఉడకబెట్టి తింటవా?” అని అడిగింది. ఈ కథ వదినె తానే చెప్పుకుని నవ్వేది.

“మనూర్ల ఎండ కొడ్తది మరిదీ, ఈడ ఉడకబెడ్తది. కొడితె తప్పించుకోవచ్చు. ఉడకబెడితె యాడికి పోతం?” అనేది.

ఊరి నుంచి కొత్తగా దిగిన పాలమూరు కూలీలు మెట్ల దగ్గర తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటే లాగేసేది. “చెమటకాయలు లేస్తయి బిడ్డా, పొడిగుండి గాలికి పండుకో” అని కసిరి, జొన్న అంబలిలో ఉల్లిపాయ కోసి ఇచ్చేది. నన్నూ వదిలేది కాదు.

“గంత లావు బుక్కు సదివినవ్, చెమట తగ్గిందా?”

“తగ్గలేదు వదినె.”

“అయితె ఇటియ్యి, ఇసురుకుంట.”

నిజంగానే విసురుకునేది. నా పుస్తకాలు ఈ చాల్‌లో ఒక మనిషికి పనికొచ్చాయంటే అది ఆమెకే.

ఎదురు గదివాడు పుట్టింది ఆ గదిలోనే. ఇప్పుడు చాల్ కమిటీ సెక్రటరీ. మీటింగు పెడితే చాలు, ఈ ముంబైని మన తాతలు మట్టి మోసి కట్టారని మొదలుపెడతాడు. ఆ మోసినవాళ్లలో ఒకడి భార్య వాడి గుమ్మానికి ఎదురుగానే ఉండేది. కొన్నేళ్ల కింద వాడు ఏసీ పెట్టించాడు. తలుపు మూసుకుంది. వాణ్ణి చూసి పడమటి వరసలో తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. నిరుడు వేసవిలో వదినె వెళ్లి తట్టింది. నేను పక్కనే ఉన్నాను.

“పగటిపూట జరసేపన్న తలుపు తియ్యరాదురా నాయినా? పానం కొట్టుకుంటున్నది.”

“ఏసీ నడుస్తున్నది గదా పెద్దమ్మా! సల్లగాలంత బయటికి పోతది.”

“బయటికంటె యాడికిరా? నా ఇంట్లకే గదా పోయేది.”

వాడు నవ్వాడు. “పెద్దమ్మ మస్తు మాట్లాడ్తది” అని మెచ్చుకుని తలుపు వేసుకున్నాడు. ఇంకోసారి అడగమన్నాను. “గాలి గూడ అడుక్కునుడేంది మరిదీ, సిగ్గు గాదా?” అంది. మళ్లీ అడగలేదు.

ఈ వేసవికి మోకాళ్లు పోయి మెట్లు దిగలేకపోయింది. పట్టుకుని దించుతాను, నాతో స్టేషన్‌కి రమ్మంటే, “రైలెక్కిచ్చి ఎల్లగొడ్తవా ఏంది నన్ను?” అంది. మూసిన తలుపుకు ఎదురుగా తన గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. గదిలో పంఖా ఉన్న వేడినే గుండ్రంగా తిప్పేది.

పత్రికలు ఏటా వేసవి జాగ్రత్తలు అచ్చువేస్తాయి. నీళ్లు తాగండి, నీడపట్టున ఉండండి, మధ్యాహ్నం బయటికి వెళ్లకండి. వదినె అన్నీ పాటించింది. నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని, నీడలో, సొంత గదిలో, పట్టపగలు పోయింది. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. గుండె ఆగకుండా ఎవరు పోయారు? వయసైందని వరసంతా అంది. నాకూ అయింది. నా ఎదురు తలుపూ మూసే ఉంది.

నేను వచ్చేసరికి ఆమెను గది మధ్య పడుకోబెట్టారు. భర్త ఎప్పుడో పోయిన, పిల్లల్లేని మనిషి కాబట్టి అన్నీ ఎదురు గదివాడే చూస్తున్నాడు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి తన గది ఇచ్చాడు. ఏసీ ఆపి, కిటికీ తెరిచి, తలుపు బార్లా తీశాడు.

గాలి వచ్చింది. వాళ్ల గది దాటి, నడవ దాటి వదినె గదిలోకి వచ్చింది. గోడమీది క్యాలెండరు రెపరెపలాడింది. ఆమె నుదుటిమీది తెల్లవెంట్రుకలు కదిలాయి. తలాపున పెట్టిన దీపం కొండెక్కింది. వెలిగించారు. మళ్లీ కొండెక్కింది.

“దీపం నిలుస్తలేదు. ఆ ఎదురు తలుపు జర ఎయ్యిన్రి” అంది ఒకామె.

“ఉండనియ్యిన్రి” అన్నాను. “జరసేపు ఆమెకు గాలి తగలనియ్యిన్రి.”

“పెద్దమనిషివి, గట్లంటవేంది కాకా? దీపం లేకుంట ఉంచుతరా?”

ఎదురు గదివాడు చప్పుడు కాకుండా లేచి వెళ్లి తలుపు వేశాడు. క్యాలెండరు గోడకు ఆనుకుంది. ఈసారి దీపం నిలిచింది, కొంచెం కూడా కదలకుండా.