చెప్పుల్లేని పరీక్ష

నా చిన్నప్పుడు పాకాలలో మా ఇంటి మిద్దె మీదికి చెప్పులతో ఎక్కే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే అది మా అవ్వ రాజ్యం. వడియాలు, మిరపకాయలు, చింతపండు, అన్నిటికంటే ముఖ్యంగా మామిడి తాండ్ర, అక్కడే ఎండేవి. నోట్లో పెట్టుకునేవి ఎండే చోట చెప్పులేమిటని ఆమె నియమం. కలెక్టరు వచ్చినా కింది మెట్టు దగ్గర చెప్పులు విడవాల్సిందే అనేది. కలెక్టరు మనింటికెందుకొస్తాడవ్వా అని నేనడిగితే, వస్తే విడుస్తాడులే అనేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ మిద్దె కారడం మొదలైంది. వాన పడితే వంటింట్లో వండే గిన్నెలకంటే నీళ్లు పట్టే గిన్నెలే ఎక్కువయ్యేవి. మేస్త్రీ వచ్చి చూసి, వాలు సరిచేసి పైన ఏదో ఒకటి పరవాలన్నాడు. ఏం పరవాలో ఆదివారం సాయంత్రంలోగా చెబితే సోమవారం పనిలోకి దిగుతానని, వానలు మొదలైతే తన వల్ల కాదని తేల్చేశాడు.

మా నాయన బడిపంతులు. మార్కులు వేయనిదే ఆయనకు ఏదీ తేలదు. సంతలో వంకాయలకు కూడా మనసులో మార్కులు వేస్తాడని అమ్మ ఎగతాళి చేసేది. ఆయన బస్సెక్కి తిరుపతికి పోయి, ఒక టైల్సు కొట్లో అరపూట కూర్చుని, మూడు రకాల బిళ్లలు తెచ్చాడు. ఒకటి అద్దంలా మెరిసే కాఫీ రంగుది, ఒకటి ఆకుపచ్చది, ఒకటి కడప నల్లబండ. వసారా గోడ మీద సుద్దముక్కతో పట్టిక గీశాడు. అందం, గట్టిదనం, కడగడానికి సులువు, నలుగురిలో మర్యాద. ఒక్కోదానికి ఇరవై అయిదు మార్కులు. కాఫీ రంగు బిళ్లకు తొంభై రెండు వచ్చి ఫస్టు క్లాసులో పాసైంది. మరుసటి రోజు బడిలో ఆ సంగతి అందరికీ చెప్పి, పని పూర్తయ్యాక మిద్దె మీద టీకి రమ్మని హెడ్మాస్టరుగారిని కూడా పిలిచేశాడు.

అవ్వకు అవేవీ నచ్చలేదు. "పగిలిన తెల్ల బిళ్లల ముక్కలు పరిపించరా. కాలికి సల్లగా ఉంటాది" అంది.

నాయన నవ్వేశాడు. "పగిలిన ముక్కలా? సూసినోళ్లు ఏమనుకుంటారు మా?" అంటూ వాళ్లమ్మ ముందే పట్టికలో తెల్ల ముక్కలు అని రాసి, మర్యాద గడిలో సున్నా చుట్టాడు. అవ్వ ఆ తర్వాత మూడు నాలుగు సార్లు చెప్పి చూసింది. చెప్పిన ప్రతిసారీ ఆయన ఆ సున్నాను చూపించాడు.

నిజం చెప్పాలంటే నేనూ నాయన పక్షమే. కాఫీ రంగు బిళ్లలో నా ముఖం కనిపించేది మరి. అయితే అవ్వ ఒకరోజు నన్ను మిద్దె మీదికి పిలిచి, అరచేయంత తాండ్ర ముక్క చేతిలో పెట్టింది. నేను అక్కడికక్కడే పార్టీ మారిపోయాను.

ఆమె పథకం చాలా నిదానంగా నడిచింది. ఒక్కో బిళ్ల తెస్తే ఏం తెలుస్తుంది, నాలుగేసి తెమ్మని నాయనతో అంది. అవ్వ దారికి వచ్చిందనుకుని ఆయన సంబరంగా తెచ్చాడు. ఆయన బడిలో ఉన్న వేళ మేస్త్రీని పిలిపించి, మిద్దె అటు చివర పిట్టగోడ దగ్గర చాపంత మేర తెల్ల ముక్కలు అతికించింది. పైన గోనెపట్టలు కప్పి, ఎవరైనా అడిగితే మిరపకాయలని చెప్పమంది. ఆదివారం పొద్దున్నే పట్టలు తీసేసి, మెట్ల దగ్గర నుంచి ఆ తెల్లచాప దాకా నాయన తెచ్చిన బిళ్లలను వరసగా పరిపించింది. మోసింది నేనే. ముందు కాఫీ రంగువి, తర్వాత ఆకుపచ్చవి, ఆఖరున నల్లబండలు. తెల్లచాప పక్కనే తాండ్ర ఆరబెట్టింది.

మే నెల మిట్టమధ్యాహ్నం. నాయన భోంచేసి అప్పుడే నడుం వాల్చాడు. పైనుంచి అవ్వ అరుపు వినిపించింది.

"ఒరే, కోతులొచ్చినాయిరా! తాండ్ర పాయె, రారా!"

తాండ్ర అంటే నాయనకు ప్రాణం. లుంగీ ఎగ్గట్టి పరిగెత్తాడు. అంత తొందరలోనూ కింది మెట్టు దగ్గర చెప్పులు విడిచాడు. ముప్పై ఏళ్ల అలవాటు మరి. తొంభై రెండు మార్కుల బిళ్ల మీద మొదటి అడుగు పడగానే "అబ్బా" అన్నాడు. రెండో అడుగుకు తన తాతను తలచుకున్నాడు. ఆకుపచ్చ బిళ్లల మీద ఆయన పాదాలు ఆనాయో లేదో నేను చూడలేకపోయాను. నల్లబండల మీద మాత్రం పాఠం చెప్పే గొంతులోంచి నేనెప్పుడూ వినని శబ్దం ఒకటి వచ్చింది. చివరికి ఒక్క గెంతుతో తెల్లచాప మీద పడి అవ్వ భుజం పట్టుకున్నాడు.

"కోతి యాడ మా?"

"ఇంతసేపూ ఎగిరింది నువ్వే గద నాయనా" అంది అవ్వ.

మెట్ల మీద నా పక్కన అమ్మ నవ్వలేక కూలబడిపోయింది. నాకు కడుపునొప్పి వచ్చింది. నాయనకు కోపం రావాలి కానీ, ముందు తన కాళ్లకేసి చూసుకున్నాడు. రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి, కాలడం లేదు. అయితే వెనక్కి రావడానికి దారి లేదు. అమ్మ చెప్పులు విసరబోతే అవ్వ వద్దంది. నియమం నియమమే. గోనెపట్టలు తడిపి తెమ్మని నన్ను తొట్టి దగ్గరికి పంపారు. నేను కావాలనే నిదానంగా తడిపాను.

నేను తిరిగొచ్చేసరికి నాయన ఆ చాపంత చోట చతికిలబడి ఉన్నాడు. అవ్వ కాలు తన ఒడిలో పెట్టుకుని అరికాలు చూస్తున్నాడు. అంతా పగుళ్లు, నల్లగా కమిలిన మచ్చలు.

"ఇన్నేండ్లూ ఎట్ల తిరిగినావు మా, ఈ కాలే గచ్చు మీద?"

"గబగబా తిరిగినాను. తాండ్ర మధ్యాన్నమే గద తిరగెయ్యల్ల. సెప్తానే ఉండాను గదరా కాలికి సల్లగా ఉంటాదని. నువ్వేమో మర్యాద అంటివి."

నాయన నా చేతిలోని తడి గోనెపట్ట తీసుకుని ఆమె అరికాలికి అద్దాడు. ఆ తాండ్ర ఏటా చప్పరించినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ముఖం కనిపిస్తుందని ఆ బిళ్ల కావాలన్నదాన్ని. చాలా సిగ్గేసింది.

సాయంత్రం మేస్త్రీ వచ్చేసరికి గోడ మీద పట్టిక లేదు. దాని చోట ఒకే ఒక గడి ఉంది. 'అమ్మ కాలు' అని రాసి, ఎదురుగా తెల్ల ముక్కలకు నూటికి నూరు వేసి ఉంది. పని అయ్యాక హెడ్మాస్టరుగారు టీకి వచ్చి, కింది మెట్టు దగ్గర బూట్లు విడిచి, మేజోళ్లలోని చిల్లు దాచుకుంటూ పైకెక్కారు. ఈ గచ్చును తాను ఎంత శాస్త్రీయంగా పరీక్షించి ఎంచుకున్నాడో నాయన గంటసేపు వివరించాడు. అవ్వ తాండ్ర చుడుతూ శ్రద్ధగా వింది. కోతి మాట ఎత్తలేదు.

పోయిన ఏడాది చిత్తూరులో మా ఇంటి పెరట్లో అంట్లు తోమే చోట బండలు మార్చాం. నున్నటి నల్లరాయి బాగుంటుందని మేస్త్రీ అన్నాడు, నాకూ నచ్చింది. సరేనని చెప్పబోతూ ఆగి, మధ్యాహ్నం దాకా ఆ రాయిని ఎండలో పెట్టించాను. చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాను. తాతను తలచుకున్నాను. తర్వాత మా ఇంట్లో అంట్లు తోమే అక్కను పిలిచి, నీకే రాయి కావాలి అని అడిగాను. ఆమె చేతులు తుడుచుకుని, చాలాసేపు ఆలోచించి చెప్పింది. ఆమె చెప్పిందే వేయించాను.